రంగు తేరిన నూతినీరంతా మంచినీరు కాదు

అమలాపురం: వానలు పడి భూగర్భ జలం పైకి వచ్చే రోజుల్లో కొబ్బరితోటల నడుమ ఉన్న లోతు తక్కువ నూతుల్లో నీరు రంగు మారడం ఉన్నదే. కొన్నిచోట్ల పసుపుపచ్చగా, కొన్నిచోట్ల టీ నీళ్ల మాదిరిగా కనిపిస్తుంది. అది చూసి బ్లీచింగ్ చల్లించేవారు కొందరు, వేలు పోసి యంత్రం కొనేవారు మరికొందరు. ఈ రెండింటికీ ముందు చేయవలసిన పని ఒకటి ఉన్నది. ఆ రంగు దేనివల్ల వచ్చిందో తేల్చుకోవాలి. లేకుంటే డబ్బు పోతుంది, నీటిలో క్రిమి మాత్రం మిగిలిపోతుంది.

రంగులు రెండు రకాలు

ఆకులు, డొక్కలు, కొబ్బరి పొట్టు నీటిలో నానితే టానిన్ అనే వగరు పదార్థం ఊరుతుంది. వాననీటితో అది ఇసుక నేలలోంచి నూతిలోకి దిగుతుంది. టానిన్ టీ ఆకులోనూ ఉన్నదే. నీటిలో ఉండే కొద్దిపాటి టానిన్‌తో వచ్చే ఇబ్బంది ముఖ్యంగా రంగు, రుచి, బట్టలకు మరక. రెండో రకం ఇనుము వల్ల వచ్చే రంగు.

తేడా తెలుసుకోవడానికి గాజుగ్లాసు చాలు. నీరు పోసి రాత్రంతా కదపకుండా ఉంచాలి. తెల్లవారేసరికి అడుగున తుప్పురంగు మడ్డి దిగి పైనీరు తేటపడితే అది ఇనుము. మడ్డి దిగకుండా నీరంతా ఒకే రంగులో నిలిస్తే టానిన్ అని అనుమానించాలి. రెండూ కలిసినప్పుడు ఇనుము కూడా త్వరగా దిగదు. అప్పుడు ప్రయోగశాల పరీక్ష తప్పదు.

2012 నాటి భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటి రంగు 5 హేజెన్ యూనిట్లు దాటరాదు. వేరే నీటి వసతి లేనిచోట 15 వరకు అనుమతి ఉన్నది.

బ్లీచింగ్‌తో చిక్కు

వెయ్యి లీటర్ల నీటికి రమారమి 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు కావాలన్నది వాడుకలో ఉన్న లెక్క. రెండు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల నీరు ఉన్న నూతిలో సుమారు 9,400 లీటర్లు ఉంటాయి. దానికి 24 గ్రాములు పడుతుంది. అయితే ఈ లెక్క తేటనీటికే సరిపోతుంది. రంగునీటిలో వేసిన క్లోరిన్‌లో చాలా భాగాన్ని టానినే తినేస్తుంది. రంగు కాస్త తగ్గుతుంది. ఇంటివారు నీరు బాగుపడిందనుకుంటారు. క్రిమిని చంపడానికి క్లోరిన్ మిగలదు. వానాకాలపు విరేచనాలకు ఇది దారి.

పైగా ఇటువంటి నీటిలో క్లోరిన్ కలిస్తే క్లోరోఫాం వంటి పదార్థాలు పుడతాయని 1974లో నెదర్లాండ్స్, అమెరికా శాస్త్రజ్ఞులు వెల్లడించారు. అంతమాత్రాన క్లోరిన్ మానరాదు. క్రిమి వల్ల వచ్చే ప్రమాదం అంతకంటే దగ్గరిది. ముందు రంగు తీసి, తరువాత క్లోరిన్ వేయడమే మార్గం.

పటిక కొలత

పెద్దలు ఇండుపుగింజ అరగదీసి గోదావరి వరదనీటి బురదను తేర్చుకున్నారు. నీటిలో కరిగిన రంగుకు పటిక మేలు. లీటరు నీటిలో 10 గ్రాముల పటిక కరిగించి ఉంచుకోవాలి. మూడు పాత్రల్లో లీటరు చొప్పున నూతినీరు పోసి, మందుసీసాతో వచ్చే కొలమూతతో 2, 4, 6 మిల్లీలీటర్ల పటికనీరు కలపాలి. ఒక నిమిషం వేగంగా, పది నిమిషాలు మెల్లగా తిప్పి గంటసేపు వదలాలి. దూదిపింజల వంటి తెట్టు అడుగుకు దిగి పైనీరు తేటపడిన పాత్రల్లో తక్కువ కొలతే మీ నూతికి సరైనది. 4 మిల్లీలీటర్లు తేలితే 20 లీటర్ల బకెట్టుకు 80 పోయాలి. కొలత మించితే పటిక నీటిలోనే ఉండిపోతుంది. తేటనీటిని వంచి, వడగట్టి, మరగబెట్టి తాగాలి. మరగబెట్టడం వల్ల క్రిమి చస్తుందే గాని రంగు పోదు.

యంత్రాలు కొనేవారికి

బొగ్గు ఫిల్టరు కొంత రంగును పడుతుంది గాని నిండిపోయాక మళ్లీ రంగునీరే వస్తుంది. టానిన్ కోసం తయారైన రెసిన్ గుళికలు బాగా పనిచేస్తాయి. వాటిని ఉప్పునీటితో కడుగుతూ ఉండాలి. కఠిన జలాన్ని మార్చే యంత్రంలోని గుళికలు వేరు, అవి టానిన్‌ను పట్టవు. ఆర్వో యంత్రం రంగును తీస్తుంది. కాని టానిన్ దాని పొరకు అడ్డుపడుతుంది, నీరూ వృథా అవుతుంది. నీటి పరీక్ష కాగితం చూడకుండా యంత్రం అంటగట్టేవారి మాట నమ్మరాదు.

పంచాయతీల బాధ్యత

2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ ప్రకారం ప్రతి గ్రామంలో ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష కిట్లపై శిక్షణ ఇవ్వాలి. కుళాయి రాని పూట జనం నూతి దగ్గరికే పోతారు గనుక ఆ కిట్లు నూతుల దగ్గరికి కూడా రావాలి. ఇనుము, మిగిలిన క్లోరిన్ వాటితో తెలుస్తాయి. రంగు, టానిన్ తేల్చడానికి నమూనాను గ్రామీణ నీటి సరఫరా ప్రయోగశాలకు పంపాలి.

డొక్కల గుట్టలు, పొట్టు రాశులు, ఆకు గుంటలు తాగునీటి నూతికి కనీసం 50 అడుగుల దూరాన ఉండేట్టు చూడాలి. వరలు బీటలిస్తే పూడ్పించి, చుట్టూ మూడడుగుల చప్టా కట్టించాలి. బ్లీచింగ్ ఎన్ని కిలోలు చల్లారన్నది కాదు లెక్క. చల్లిన గంట తరువాత లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలిందా లేదా అన్నదే లెక్క. ఆ అంకెను ప్రతి నూతికీ రాసి పంచాయతీ కార్యాలయం గోడకు అంటిస్తే, ఏ నూతినీరు తాగవచ్చునో గ్రామస్థులకే తెలుస్తుంది. సర్పంచులు, కార్యదర్శులు ఈ వానాకాలం నుంచే ఈ పనికి పూనుకోవలసి ఉన్నది.