పేరంటానికి పిలవని వాళ్లను ముందు పిలుద్దాం

మన ఇళ్లలో స్థలం కొనాలంటే సగం డబ్బు ఆడవాళ్ల మెడలోంచో చేతుల్లోంచో వస్తుంది. నగలు బ్యాంకులో కుదువ పెడతాం, పుట్టింటివాళ్లు ఇచ్చింది తీసిస్తాం. రిజిస్ట్రేషన్ రోజు మంచి చీర కట్టుకుని పోయి, వేలిముద్ర వేసి, ఫోటో దిగి వస్తాం. తర్వాత కాగితాలు బీరువాలోకి, తాళంచెవి ఆయన జేబులోకి. స్థలం మన పేరు మీదే ఉంటుంది. సర్వే నంబరెంత, తూర్పు హద్దు ఎవరిది అంటే మాత్రం నోరు పెగలదు.

మగవాళ్లకు ఇవన్నీ చదువుకుంటే వచ్చినవి కావు. టీ అంగడి దగ్గర కూర్చుంటే తెలుస్తాయి. ఏ రోడ్డు వెడల్పు చేస్తున్నారు, ఏ స్థలం కోర్టులో ఉంది, ఏ వెంచరుకు దారే లేదు, అన్నీ అక్కడే నలుగుతాయి. 2020లో కర్నూలు న్యాయరాజధాని అన్నారు. 2021 మార్చిలో ఓర్వకల్లు విమానాశ్రయం మొదలైంది. ఆ నవంబరులోనే రాజధానుల చట్టం వెనక్కి పోయింది. మన చెవికి ఒక్కో వార్త మాత్రమే పడుతుంది, దాని వెనకాల జరిగిన చర్చ పడదు. అందుకే ఆస్తి మాటలు మాట్లాడుకోవడానికి ఆడవాళ్లకూ ఒక కూటమి ఉండాలంటాను.

సంఘం పెట్టడం మనకు కొత్త కాదు. 1995లో ఐక్యరాజ్యసమితి పేదరిక నిర్మూలన కార్యక్రమం మన కర్నూలు జిల్లాకు వచ్చింది. అప్పటి నుంచి ఓర్వకల్లు మండలం ఆడవాళ్లు పొదుపు సంఘాలు కట్టి, మండలమంతా ఒక ఐక్య సంఘంగా నిలబడ్డారు. వాళ్లలో చాలామంది బడి ముఖం చూడనివాళ్లు. అయినా పాసుపుస్తకం చదివించుకుని, అప్పు లెక్క నలుగురిలో నిలబెట్టి అడిగారు. డిగ్రీ చదివిన మనం మాత్రం అడగడానికి సిగ్గుపడుతున్నాం.

అయితే ఆ కూటమి పేరంటంలాగా ఉండకూడదు. పేరంటానికి మనం ఎవరిని పిలుస్తాం? ముత్తయిదువలను, మన వాళ్లను. భర్త పోయినామెను పిలవం. విడిగా ఉంటున్నామెను పిలవడానికి ఆలోచిస్తాం. పక్కింటి ఆపాను సరేసరి. కానీ ఆస్తి సంగతి అందరికంటే ఎక్కువ అవసరం వాళ్లకే. కర్మంతరాలు కాకముందే "ఇక్కడొక సంతకం పెట్టమ్మా" అంటూ కాగితాలు వచ్చేది ఆమె దగ్గరికే కదా! వీలునామా లేకుండా పోయిన హిందూ పురుషుడి స్వార్జితంలో భార్యకు, పిల్లలకు, తల్లికి సమాన వాటా ఉంటుందని ఆ రోజు ఆమె పక్కన కూర్చుని చెప్పేవాళ్లు కావాలి. కాబట్టి మొదటి కుర్చీ ఆమెకే వేద్దాం. రెండు సెంట్లు కొనాలనుకునే ఆమెకూ, రెండెకరాలు ఉన్న ఆమెకూ ఒకే చాప.

ఇంకో రెండు కట్టుబాట్లు కావాలి. ఒకటి, అక్కడ ఎవరూ ఏదీ అమ్మకూడదు. రెండు, ఎవరి డబ్బూ పోగు చేయకూడదు. ఇది కఠినంగా అనిపిస్తే అగ్రిగోల్డ్‌ను తలుచుకోండి. దాదాపు 32 లక్షల మంది డబ్బు కట్టిన సంస్థ అది. ఇంటింటికీ వచ్చిన ఏజెంట్లలో ఎంతోమంది మన చుట్టాలే, ఇరుగుపొరుగే. మోసం చేయాలని కాదు, వాళ్లూ నమ్మారు, వాళ్లూ మునిగారు. "వదినా" అన్న పిలుపు కాగితానికి బదులు కాదు.

మరి కూర్చుని ఏం చేస్తాం? తలా ఒక దస్తావేజు జిరాక్సు తెచ్చి గట్టిగా చదువుదాం. ఈసీ తీసుకుందాం. రిజిస్టరు కాని ఒప్పందాలు అందులో కనబడవని కూడా తెలుసుకుందాం. లింకు డాక్యుమెంట్లు వెనక్కి వెనక్కి పోయి చూద్దాం. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో వెతుకుదాం. మన సీమలో డీకేటీ భూములు ఎక్కువ. 1977 చట్టం వాటి అమ్మకాన్ని నిషేధించింది, 2023లో కొన్నింటికి సడలింపు ఇచ్చారు. మన నంబరు ఏ గాటికి వస్తుందో తహసీల్దారు ఆఫీసులో అడగకుండా బయానా ఇవ్వొద్దు. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుటుకు, లేదా ఎనిమిదికి మించి ప్లాట్లున్నదానికి, రెరా నంబరు అడగాలి. చివరికి నలుగురం కలిసి ఆటోలో పోయి హద్దురాళ్లు చూసి రావాలి. ఎండలో ఒక గంట నిలబడితే బ్రోచరు చెప్పని సంగతులు తెలుస్తాయి.

"ఆడవాళ్లు ఆస్తులు మాట్లాడితే కాపురాలు ఏమవుతాయి?" అనేవాళ్లు ఉంటారు. 1985 సెప్టెంబరు నుంచే మన రాష్ట్రంలో ఆడపిల్లకు పిత్రార్జితంలో సమాన హక్కు ఉంది. నలభై ఏళ్లు దాటినా దాన్ని అడగడం పుట్టింటితో పోట్లాటగానే చూస్తున్నాం. తెలిసినవాళ్లు పోట్లాడరు, ముందే మాట్లాడుకుంటారు. తెలియనివాళ్ల కాపురాలే కోర్టు మెట్ల మీద తేలేది.

కర్నూలైనా కడపైనా, ఒక ఆదివారం మధ్యాహ్నం, ఒక వరండా, ఐదుగురు చాలు. బోరుగులు, మిరపకాయ బజ్జీలు నేను చూసుకుంటాను. మీరు వచ్చేటప్పుడు మాత్రం మీ వీధిలో ఎవరూ ఎక్కడికీ పిలవని ఆమెను వెంటబెట్టుకుని రండి.