బుడమేరుకు దిక్కెవరు?

నూజివీడు నుంచి నున్న మీదుగా బస్సులో బెజవాడ వచ్చే రైతుకు ముందు పాయకాపురం, ఆ తర్వాత సింగ్‌నగర్ తగులుతాయి. ఫ్లైఓవర్ ఎక్కి రైలు పట్టాలు దాటితే పాత పట్నం. ఆ ఫ్లైఓవర్ మీద నిలబడి ఉత్తరానికి చూస్తే అజిత్‌సింగ్‌నగర్ సంగతి తేలిగ్గా బోధపడుతుంది. అంతా పల్లపు నేల. ఒక పక్క రైలు కట్ట, మధ్యన బుడమేరు. వచ్చిన నీరు పోవడానికి తోవ తక్కువ.

1888లో ఏర్పడిన బెజవాడ మునిసిపాలిటీ 1981లో కార్పొరేషన్ అయింది. పాయకాపురం, కుందావారి కండ్రిక గ్రామాలు 1985లో గానీ పట్నంలో కలవలేదు. చేలు ఇళ్ల స్థలాలయ్యాయి. కూలీలు, ఆటోవాలాలు, చిన్న ఉద్యోగులు చేరారు. పల్లె నుంచి పనికోసం పోయినవారికీ ఆ వీధులే ఆశ్రయం. పేరు మారింది గానీ పల్లం పల్లంగానే ఉంది.

2024 సెప్టెంబరు 1న జరిగింది ఎవరూ మరువలేదు. వెలగలేరు దిగువన బుడమేరు మళ్లింపు కాలువ ఎడమ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. ఈ కాలువ నీటిని కృష్ణలో కలపాలి. ఆ రోజుల్లో కృష్ణే పొంగి, ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు దిగువకు పోయింది. సింగ్‌నగర్ మునిగింది. మేడ మీద ఉన్నవారికి పాలూ మంచినీళ్లూ పడవల మీద పోయాయి. సైన్యం కూడా వచ్చి చేయి వేస్తే 7వ తేదీకి గండ్లు పూడాయి. వరద వస్తున్నదన్న కబురే తమకు అందలేదని బాధితులు మొత్తుకున్నారు.

కబురు ఎవరు చెప్పాలి? చిక్కంతా ఇక్కడే ఉంది. ఇంటి ముందు మురుగు కాలువ పూడితే వార్డు సచివాలయానికి పోవాలి. ఆ మురుగు బుడమేరులో పడిందా, ఇక అది జలవనరుల శాఖ వారిది. వెలగలేరు గేట్లు ఎత్తేదీ వారే. ఆక్రమణల మాట వస్తే రెవెన్యూ వారు కొలతలకు రావాలి. ఇది చాలదన్నట్లు 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు వెలగలేరు, సింగ్‌నగర్ ఎన్టీఆర్ జిల్లాకు, నందివాడ కృష్ణా జిల్లాకు, కొల్లేరు ఏలూరు జిల్లాకు పోయాయి. ఏరు ఒకటే, కలెక్టర్లు ముగ్గురు!

ఇది పట్నం వారి గొడవ అని పల్లెలు ఊరుకోవడానికి లేదు. సింగ్‌నగర్ దాటిన బుడమేరు ఎనికేపాడు దగ్గర ఏలూరు కాలువ కిందుగా పోయి, గన్నవరం, నందివాడ చేల మీదుగా కొల్లేరు చేరుతుంది. సింగ్‌నగర్‌లో నీరు తీస్తుంటే నందివాడ మండలంలో ఊళ్లు మునిగాయి. పైన వెడల్పు చేసి కింద ఇరుకుగా వదిలితే పట్నం కష్టం పల్లెకు బదిలీ అవుతుంది, అంతే.

వరద తగ్గాక ప్రభుత్వం ‘ఆపరేషన్ బుడమేరు’ ప్రకటించింది. మంచిదే. అయితే ఆ పని కొల్లేరు నుంచి పైకి సాగాలి. వెలగలేరు మొదలు కొల్లేరు దాకా జవాబు చెప్పే అధికారి ఒక్కరుండాలి. ఏటి హద్దులకు రాళ్లు పాతి, ఆ పటాలను సచివాలయాల్లో గోడకు అంటించాలి. గేట్లు ఎత్తేముందు సింగ్‌నగర్ వీధుల్లో మైకు మోగాలి, నందివాడ పల్లెల్లో దండోరా పడాలి.