నెట్ నిదానమా? ముందు గోడను అడుగుదాం

ఇంట్లో నెట్ నిదానంగా వస్తోందంటే మనవాళ్ళు చేసేవి రెండే పనులు. కంపెనీని తిట్టడం, లేదా అప్పు చేసైనా ఇంకా పెద్ద ప్లాను వేయించడం. ఈ రెండింటికీ ముందు చేయవలసిన పని ఒకటుందని, అది మన హాస్టల్ పిల్లలే చేయగలరని మా అభిప్రాయం.

ఇది సినిమా ఆగి ఆగి వస్తోందనే బాధ కాదు. స్కాలర్‌షిప్ దరఖాస్తు, ఇంటర్ ఫలితాలు, ఈఏపీసెట్ కౌన్సెలింగులో కాలేజీల ఎంపిక, అన్నీ నేడు నెట్ మీదనే. ఆఖరి రోజు తెర మీద చక్రం తిరుగుతూ ఉంటే నష్టపోయేది కూలికి పోయే తల్లిదండ్రుల బిడ్డలే. 2020లో కరోనా వల్ల హాస్టళ్ళు మూసి అందరినీ ఇళ్ళకు పంపినప్పుడు మన చదువు ఎంత సన్నని తీగ మీద వేలాడిందో ఆనాటి విద్యార్థులకు తెలుసు.

మైదుకూరు చుట్టుపక్కల ఊర్లలో పాత ఇళ్ళు రాతిగోడల మట్టి మిద్దెలు. ఎండాకాలం మనల్ని చల్లగా ఉంచే ఆ మందపు గోడే వైఫైకి శత్రువు. దానికి తోడు పెట్టెను టీవీ వెనకనో, ఇనుప బీరువా పక్కనో, గోడలోని గూట్లోనో పెడతాం. లోపలి గదిలో చదువుకునే పిల్లకు ఇక అందేదేముంది? పెట్టె పక్కనే నిలబడి ఫోనులో వేగం కొలవండి. తర్వాత లోపలి గదిలో కొలవండి. మొదటిచోట బాగుండి రెండోచోట పడిపోతే తప్పు కంపెనీది కాదు, గోడది. పెట్టెను నడిమధ్య, ఎత్తుగా, బయటికి కనిపించేలా పెడితే ఖర్చు లేకుండా చాలావరకు తీరుతుంది. పెట్టెలో 2.4, 5 అని రెండు రకాల వైఫై ఉంటే, 5ది వేగం ఎక్కువ, గోడ దాటే శక్తి తక్కువ. లోపలి గదికి 2.4 మేలు.

పెట్టె పక్కన కూడా నిదానమేనా? మిగతా ఫోన్లన్నీ తీసేసి మళ్ళీ చూడండి. పక్కింటి అబ్బాయికి పాస్‌వర్డు ఎప్పుడో ఇచ్చి మరిచిపోయినవాళ్ళు మనలో తక్కువేమీ కాదు! నెల కోటా అయిపోయిందేమో కూడా చూడాలి. అది దాటితే కొన్ని ప్లాన్లలో వేగం తగ్గిస్తారు.

50 ప్లానులో 6 మాత్రమే వస్తోందని పోట్లాడే అన్నలూ ఉన్నారు. ప్లాను చెప్పేది బిట్లలో, డౌన్‌లోడు చూపేది సాధారణంగా బైట్లలో. 8 బిట్లు ఒక బైటు. 50ని 8తో భాగిస్తే 6.25. అక్కడ లైను తప్పేమీ లేదు.

అయితే తప్పంతా మన గోడలదేనని మేము అనడం లేదు. తెల్లవారుజామున 5 గంటలకు బాగా వచ్చి, రాత్రి 9కి రోజూ పడిపోతుంటే ఒకే లైను మీద జనం ఎక్కువయ్యారని అనుమానించాలి. అది కంపెనీ సరిచేయవలసిన పని. 2017 డిసెంబరులో నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్, కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగడం వల్లనే తక్కువ ఖర్చుతో ఊర్లకు చేరింది. గాలివానకు, విరిగిన కొమ్మకు తెగే భయం ఉన్నదీ అందువల్లనే. పెట్టె మీద 'లాస్' అన్నచోట ఎర్రదీపం వెలిగితే వెలుగు అందడం లేదని అర్థం. ఇంట్లో సన్నతీగ మడత పడలేదని చూసుకుని ఫోను చేయాలి.

బ్రాడ్‌బ్యాండ్ అనాలంటే కనీస వేగం 2004లో 256 కేబీపీఎస్, 2013లో 512. కేంద్రం 2023 జనవరిలో దాన్ని 2 ఎంబీపీఎస్ చేసింది. 'సార్, నెట్ రావడం లేదు' అంటే ఎవరూ కదలరు. ఫలానా తేదీ, ఫలానా వేళ, పెట్టె పక్కనే ఇంత వేగం అని చెప్పి ఫిర్యాదు నంబరు అడిగితే తప్పించుకోవడం కష్టం. అడగడానికి మొహమాటమెందుకు? కేరళలో ఒక హాస్టల్ విద్యార్థిని ఫోను ఆంక్షల మీద కోర్టుకెక్కితే, ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులో భాగమని 2019లో అక్కడి హైకోర్టు చెప్పింది.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న మన పూర్వ విద్యార్థులు వార్షికోత్సవానికి వచ్చినప్పుడు తమ్ముళ్ళకు ఒక గంటసేపు ఈ కొలతలు చేసి చూపించాలని కోరుతున్నాం. దసరా సెలవులకు ఇంటికి పోయేవారు రెండు చోట్ల, రెండు వేళల కొలిచి నోటుబుక్కులో రాసుకుని రండి. అన్నీ ఒకచోట పెట్టి చూస్తే ఏ ఇంట్లో గోడ అడ్డమో, ఏ ఊరికి ఊరే లైను బాగాలేదో తేలుతుంది. ఊరంతా బాగాలేనిచోటికి అందరి సంతకాలతో ఒకే అర్జీ పెడదాం.