నిరోధకశక్తి సీసాలో దొరకదు



మందుల దుకాణంలోనూ, కిరాణా కొట్టులోనూ, చివరికి మన చేతిలోని ఫోనులోనూ నేడు ఒకే మాట వినిపిస్తున్నది: "మీ ఇమ్యూనిటీని పెంచుకోండి." చూర్ణాలు, కషాయాలు, మాత్రలు ఆ ఒక్క మాట మీదనే అమ్ముడుపోతున్నాయి. కొనే ముందు అమ్మేవారిని ఒక్క ప్రశ్న అడగండి: "మీ మందు ఏ కణాన్ని పెంచుతుంది? ఎంతవరకు పెంచి ఆగుతుంది?" సమాధానం రాదు. ఎందుకు రాదో వివరిస్తాను.

మన రక్షణకు ఆధారమైన లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలకు మూలం ఎముక మజ్జ. వాటిలో బి కణాలు చాలావరకు అక్కడే ఎదుగుతాయి. టి కణాలు కావలసినవి మాత్రం రొమ్ము ఎముక వెనుకనున్న థైమస్ గ్రంథికి చేరుతాయి. ఆ గ్రంథి నిరుపయోగమని వైద్యలోకం చాలాకాలం భావించింది. 1961లో జాక్ మిల్లర్ అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలలో దానిని తొలగించి చూశాడు. వాటిలో లింఫోసైట్లు క్షీణించాయి. పరాయి చర్మాన్ని అతికించినా వాటి దేహం తిరస్కరించలేకపోయింది.

థైమస్‌లో జరిగేది పెంపకం మాత్రమే కాదు, కఠినమైన పరీక్ష. ప్రతి కణమూ శత్రువును గుర్తించే తన సాధనాన్ని జన్యువుల ముక్కలను ఎలాపడితే అలా కలిపి తయారుచేసుకుంటుంది. అందువల్ల ఏది రక్షకుడో, ఏది ఇంటిదొంగో ముందుగా తెలియదు. మన దేహపు గుర్తింపు ప్రోటీన్లను పోల్చుకోలేని కణం మరణిస్తుంది. మన దేహంపైనే తీవ్రంగా తిరగబడే కణమూ చాలావరకు అక్కడే అంతమవుతుంది. నూటికి సుమారు ఐదుకు మించి బయటికి రావు. బి కణాలకూ మజ్జలో ఇటువంటి వడపోత ఉన్నది.

ప్రకృతి ఇంత శ్రమపడుతున్నది శక్తిని పెంచడానికి కాదు, అదుపులో ఉంచడానికి. ఆ అదుపు తప్పినప్పుడే టైప్ 1 మధుమేహం, రుమటాయిడ్ కీళ్ళవాతం, లూపస్ వంటి వ్యాధులు పుడతాయి. కీళ్ళవాతానికీ లూపస్‌కూ మేము వాడే ముఖ్యమైన మందులు నిరోధకశక్తిని అణచేవే! ఆ మందులు మింగుతూనే "ఇమ్యూనిటీ పొడి" కూడా తాగేవారిని నేను చూశాను. అగ్నిని ఆర్పుతూనే ఆజ్యం పోయడమంటే ఇదే. తిప్పతీగ వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్నదని ముంబయి వైద్యులు 2021లో ప్రకటించిన సంగతి మరువకండి.

"అయితే ఆహారానికి విలువ లేదా?" అని మీరడగవచ్చు. ఉన్నది. పోషకాహార లోపం థైమస్‌ను కుంచింపజేస్తుంది. లోటును పూడ్చడం వైద్యం. లోటు లేనిచోట కుమ్మరించడం వ్యాపారం.

నిరోధకశక్తికి పాఠం నేర్పే నిరూపిత సాధనం టీకా. టీకా పడ్డాక లింఫ్ గ్రంథులలో టి కణాల సహాయంతో బి కణాలు తమ యాంటీబాడీలకు పదును పెట్టుకుంటాయి. కొన్ని జ్ఞాపక కణాలుగా మిగిలి, అసలు శత్రువు వచ్చిననాడు త్వరగా మేల్కొంటాయి. యుక్తవయసు దాటాక థైమస్ క్రమంగా కొవ్వుగా మారిపోతుంది కనుక, నావంటి వృద్ధులకు ఈ ముందస్తు పాఠం మరింత అవసరం.

పింఛను డబ్బుతో ఆ సీసా కొనబోతున్న పెద్దలారా, ఈ నెలకు దానిని మానండి. ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా గురించి మీ వైద్యుని అడగండి. మనవల టీకా కార్డు తెరిచి, తప్పిపోయిన మోతాదు ఉన్నదేమో చూడండి.