ధీభేద విచారణ - ప్రాచ్యవిద్యా బోధన

ఇటీవలి దశాబ్దాలలో విద్యాశాస్త్ర సదస్సులలోను, ఉపాధ్యాయ శిక్షణ గ్రంథాలలోను ‘బహుళ ప్రజ్ఞా సిద్ధాంతం’ తరచుగా ప్రస్తావనకు వస్తున్నది. అమెరికా మనస్తత్త్వవేత్త హోవర్డ్ గార్డ్‌నర్ 1983లో ప్రకటించిన గ్రంథం దీనికి ఆకరం. బుద్ధి ఒక్కటి కాదు, అనేకమని ఆయన వాదం. భాషాప్రజ్ఞ, తార్కిక గణిత ప్రజ్ఞ, సంగీత ప్రజ్ఞ, రూపస్థాన సంబంధి ప్రజ్ఞ, శరీరచలన ప్రజ్ఞ, పరహృదయ గ్రహణ ప్రజ్ఞ, ఆత్మపరిశీలన ప్రజ్ఞ అని మొదట ఏడింటిని చెప్పి, తరువాతి కాలంలో ప్రకృతి పరిశీలన ప్రజ్ఞను ఎనిమిదవదానిగా చేర్చాడు. ఈ సంఖ్య ఎనిమిదికి చేరగానే ప్రాచ్య కళాశాలల వేదికలమీద ఒక ఉత్సాహం బయలుదేరింది. కామందకాదులు చెప్పిన ధీగుణాలు కూడ ఎనిమిదే కదా, పాశ్చాత్యులు ఇప్పుడు కనుగొన్నది ప్రాచీనులు ఏనాడో చెప్పినదే కదా అని వ్యాసాలు వెలువడుతున్నాయి. సంఖ్యాసామ్యం చూచి వస్తుసామ్యాన్ని నిర్ణయించడం శాస్త్రపద్ధతి కాదు. ఈ పోలిక వల్ల గార్డ్‌నర్‌కు గాని కామందకునికి గాని న్యాయం జరగదు. అంతకంటె ముఖ్యంగా, తరగతిలో కూర్చున్న విద్యార్థికి ఏమీ ఒరగదు.

శుశ్రూష, శ్రవణం, గ్రహణం, ధారణం, ఊహ, అపోహ, అర్థవిజ్ఞానం, తత్త్వజ్ఞానం అనేవి ధీగుణాలు. కౌటిల్యుడు కూడ స్వల్పభేదంతో వీటినే పేర్కొన్నాడు. వీటి క్రమాన్ని పరిశీలిస్తే ఇవి ఎనిమిది రకాల బుద్ధులు కావని, ఒకే బుద్ధి విద్యను పొందే మార్గంలోని ఎనిమిది వ్యాపారాలని స్పష్టమవుతుంది. వినవలెననే కోరిక లేనిదే వినడం లేదు, వినకుండ గ్రహించడం లేదు, గ్రహించనిది నిలువదు. నిలిచినదానిపై ఊహ, అందులో పొసగనిదానిని తొలగించే అపోహ, ఆ తరువాతనే అర్థనిశ్చయం. (నేటి తెలుగులో ‘అపోహ’ భ్రాంతికి పర్యాయమైనది. భ్రాంతిని తొలగించే శక్తికి పెట్టిన పేరు భ్రాంతికే దక్కడం వింతయే.) గార్డ్‌నర్ విభాగం ఇట్టిది కాదు. ఆయన విషయాన్ని బట్టి బుద్ధిని విభజించాడు. సంగీతంలో సమర్థుడు గణితంలో సమర్థుడు కానక్కరలేదని ఆయన చెప్పదలచినది. ఒకటి వ్యాపారభేదం, రెండవది విషయభేదం. అడ్డుగీతలతో నిలువుగీతలను పోల్చి, రెండింటా ఎనిమిదేసి ఉన్నాయని సంతోషించడం వంటిది ఈ సమన్వయం.

గార్డ్‌నర్ దేనికి ప్రత్యుత్తరంగా ఈ మాట అన్నాడో గుర్తుంచుకొనడం మంచిది. 1904లో ఇంగ్లండులో స్పియర్‌మన్ అన్ని మానసిక సామర్థ్యాలకు మూలంగా ఒక సామాన్యశక్తి ఉన్నదని ప్రతిపాదించాడు. 1905లో ఫ్రాన్సులో బీనే, సిమోన్‌లు పాఠశాలలో ప్రత్యేక సహాయం కావలసిన పిల్లలను గుర్తించడానికి పరీక్ష రూపొందించారు. బిడ్డకు సహాయపడడానికి పుట్టిన ఆ పరీక్ష కాలక్రమాన బిడ్డ విలువను నిర్ణయించే అంకెగా మారింది. ఆ అంకెపై తిరుగుబాటే గార్డ్‌నర్ గ్రంథం. ఆ తిరుగుబాటులో న్యాయం ఉన్నది. కాని వివిధ సామర్థ్యాలను కొలిచిన పరీక్షలలో ఒకదానిలో మెరుగైనవారు తక్కినవాటిలోను కొంత మెరుగుగానే ఉంటున్నారని మనస్తత్త్వ పరిశోధకులు పదే పదే చూపారు. కనుక ఎనిమిది ప్రజ్ఞలు పరస్పర నిరపేక్షాలన్న మాట నిరూపితం కాలేదు. ఉపాధ్యాయ శిక్షణ గ్రంథాలు ఈ భాగాన్ని విడిచి, సిద్ధాంతాన్ని సిద్ధవస్తువుగా బోధించడం విచారకరం.

విద్యార్థిభేదాన్ని గురించి ప్రాచీనులు చెప్పిన మాట కావలెనంటే ధీగుణాల పట్టికకంటె రాజశేఖరుని కావ్యమీమాంసను ఆశ్రయించడం యుక్తం. 1916లో గైక్వాడ్ ప్రాచ్య గ్రంథమాలకు ప్రథమ పుష్పంగా వెలువడిన నాటినుండి ఈ గ్రంథం పండితులకు సుపరిచితమే. అందులో ఆయన బుద్ధిని స్మృతి, మతి, ప్రజ్ఞ అని మూడుగా చెప్పాడు. గడచినదానిని స్మరించేది స్మృతి, ఉన్నదానిని మననం చేసేది మతి, రానున్నదానిని ముందుగా ఎరిగేది ప్రజ్ఞ. పిదప శిష్యులను బుద్ధిమంతుడు, ఆహార్యబుద్ధి అని విభజించి, వీరికి భిన్నుడైన దుర్బుద్ధిని వేరుగా నిరూపించాడు. స్వభావంచేతనే శాస్త్రాన్ని అనుసరించే బుద్ధి కలవాడు మొదటివాడు. శాస్త్రాభ్యాసంచేత బుద్ధి సంస్కారం పొందేవాడు రెండవవాడు. ఇతనికి తెలియకపోవడం, సందేహించడం అని రెండు చిక్కులు ఉంటాయి. వాటి నివారణకు ఇతడు ఆచార్యులను ఆశ్రయించవలె.

మూడవవానిని గురించిన మాట మిక్కిలి లోతైనది. దుర్బుద్ధిని రాజశేఖరుడు బుద్ధిహీనుడని అనలేదు. అతనికి అంతటా విపరీతజ్ఞానమే కలుగుతుందని, నీలిరంగులో ముంచిన వస్త్రంమీద మరొక రంగు ఎక్కనట్లు అతనిపై కొత్త గుణం నిలువదని అన్నాడు. అంటే అతని లోపం శూన్యత కాదు, ముందే నిండిపోవడం. సరస్వతీ కటాక్షం తప్ప అతనికి వేరు దిక్కు లేదన్నాడు. ఆ నిర్ణయం కఠినమే. అయినా పోలిక మాత్రం నేటికీ వర్తిస్తుంది. ప్రశ్నలకు జవాబులు మాత్రమే ఉన్న గైడు పుస్తకాలతో చదివి, అలంకారమంటే లక్షణవాక్యం, ఉదాహరణ పద్యం, సమన్వయం అనే మూడు పేరాలని నమ్మి వచ్చిన విద్యార్థి ఈ నీలివస్త్రమే. అతడు మందబుద్ధి కాడు. చురుకైనవాడే ఈ రంగును త్వరగా పట్టించుకొంటాడు. ఇతనికి రంగు వేసినదెవరని ప్రశ్నిస్తే సమాధానం విద్యార్థి వద్ద మాత్రం ఉండదు.

బుద్ధిభేదాలను ప్రత్యక్షంగా చూపే శాల తెలుగుదేశంలో ఒకటి ఉన్నది. అది అవధానసభ. సమస్యాపూరణం, దత్తపది, నిషిద్ధాక్షరి, వర్ణన, ఆశువు, వ్యస్తాక్షరి, ఘంటాగణనం, అప్రస్తుతప్రసంగం, కొన్నిచోట్ల చదరంగం కూడ ఒకే వ్యక్తి ముందు ఒకే సమయంలో నిలుస్తాయి. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అడుగడుగునా ఒక అక్షరాన్ని అడ్డుకొంటుంటే పదసంపద, వ్యాకరణం, అర్థం మూడింటినీ కలిపి క్షణంలో మార్గాంతరం వెదకవలె. వ్యస్తాక్షరిలో చెల్లాచెదురుగా వచ్చిన అక్షరాలను మనస్సులో వాటి వాటి స్థానాలలో నిలిపి ఉంచవలె. గంటల లెక్క మరొక వైపు సాగుతూనే ఉంటుంది. అప్రస్తుతప్రసంగి వేసే కొంటెప్రశ్నకు సభ నవ్వేటట్లు బదులు చెప్పవలె. చివరకు పూరించిన పద్యాలన్నింటినీ ధారణచేసి అప్పగించవలె. గార్డ్‌నర్ పట్టికలోని నాలుగైదు ప్రజ్ఞలు ఇక్కడ పనిచేస్తున్నాయనవచ్చు. కాని వాటిని కలిపి నడిపే అవధానమనే శక్తికి ఆ పట్టికలో పేరు లేదు.

అవధానంవల్ల మరొక విషయం తెలుస్తుంది. ధార, ధారణ వేరు వేరు. అనర్గళంగా ఆశువు చెప్పగలిగినవారందరూ అవధానులు కాలేదు. ధారణ కలవారందరికీ ధార లేదు. అవధాని ధారణ కూడ అన్ని విషయాలకూ సమానంగా వర్తించేది కాదు. ఛందస్సు, యతి, ప్రాస అనే కొక్కెములకు తగిలించిన అక్షరాలు అతని మనస్సులో నిలుస్తాయి. చదరంగ నిపుణులు ఆటలో వచ్చిన బలగాల అమరికను ఒక్క చూపులో గుర్తుంచుకొంటారని, అవే బలగాలను అర్థం లేకుండ వెదజల్లితే సామాన్యులకంటె ఎంతో మెరుగు కారని 1973లో చేజ్, సైమన్ అనే పరిశోధకులు చూపారు. అవధాని విషయంలోను ఇదే అనుమానానికి తావున్నది. అట్లయితే జ్ఞాపకశక్తి అని సామాన్యంగా పొగడేది చాలవరకు శాస్త్రపరిచయానికే మారుపేరు. ఈ మాట అవధానుల గౌరవాన్ని తగ్గించదు. అభ్యాసానికి ఇవ్వవలసిన స్థానాన్ని ఇస్తుంది. శక్తి, నిపుణత, అభ్యాసం అనే మూడింటిని చెప్పి, అవి వేరువేరు హేతువులు కావు, కలిసి ఒకే హేతువు అని మమ్మటుడు ఏకవచనం ప్రయోగించడంలోని సూక్ష్మత కూడ ఇదే.

ఈ సందర్భంలో ఒక దురాచారాన్ని ఖండించవలసి ఉన్నది. చూచి నేర్చేవారు, విని నేర్చేవారు, చేసి నేర్చేవారు అని విద్యార్థులను విభజించి, ఎవరికి తగిన రీతిలో వారికి బోధించవలెననే వాదం బహుళ ప్రజ్ఞా సిద్ధాంతంతో కలగలిసి ప్రచారంలోకి వచ్చింది. గార్డ్‌నరే ఈ రెండింటినీ వేరుగా చూడవలెనని స్పష్టంచేశాడు. 2008లో పాష్లర్ ప్రభృతులు అంతవరకు వచ్చిన పరిశోధనలను సమీక్షించి, రీతిని బట్టి బోధిస్తే ఫలితం మెరుగవుతుందనడానికి తగిన ఆధారం లేదని తేల్చారు. ప్రాచ్యవిద్యాభ్యాసి ఈ మాట తన అనుభవంతోనే చెప్పవచ్చు. వేదాన్ని చెవితో నేర్చేది విద్యార్థి శ్రవణప్రియుడైనందువల్ల కాదు, స్వరం చెవికి మాత్రమే గోచరిస్తుంది గనుక. చిత్రబంధాన్ని కంటితో చూడక తప్పదు. ముద్రలను చేతితో పట్టక తప్పదు. మార్గాన్ని నిర్ణయించేది విషయస్వభావం. ‘నీవు విని నేర్చేవాడవు’ అని ఒక బాలునికి ముద్రవేసి తాళపత్రం అతని చేతికి ఇవ్వకపోవడం అతనికి చేసే అపకారమే.

విద్యార్థిని బట్టి మార్గం మారనే కూడదని దీని భావం కాదు. వ్యాకరణమే ఇందుకు సాక్ష్యం. అష్టాధ్యాయిని సూత్రక్రమంలో వల్లెవేసినవానికి అనువృత్తి సహజంగా తెలుస్తుంది. ఏ పదం పై సూత్రంనుండి దిగివచ్చిందో వెదకనక్కరలేదు. అయితే నాలుగు వేలకు చేరువైన సూత్రాలు కంఠస్థమైన తరువాతగాని ఒక రూపం సాధించడం సాధ్యపడదు. భట్టోజీ దీక్షితుడు సిద్ధాంతకౌముదిలో ఈ క్రమాన్ని మార్చి, సంధి, సుబంతం, తిఙంతం అని ప్రక్రియానుసారంగా సూత్రాలను కూర్చాడు. రూపం సాధిస్తూ నేర్చేవానికి అది రాజమార్గం. ధారణబలం కలవానికి మొదటిది, ప్రయోగంచేత గ్రహించేవానికి రెండవది మేలని చెప్పవచ్చు. కాని రెండు మార్గాలూ చేరేది ఒకే ఊరు. ఒక ద్వారంనుండి ప్రవేశించినవానిని రెండవ ద్వారంవైపు కూడ నడిపించడం ఆచార్యుని ధర్మం.

బోధనలో ఇంత వెసులుబాటు ఉండగా పరీక్షలో అది లేకపోవడమే అసలు చిక్కు. భాషాప్రవీణ, విద్వాన్ పట్టాల కాలంనుండి ప్రాచ్య కళాశాలలలో మూడుగంటల వ్రాతపరీక్షే ప్రధాన ప్రమాణం. అది ప్రధానంగా కొలిచేది స్మృతిని, వ్రాతవేగాన్ని. పూర్వం శలాకపరీక్ష ఉండేది. గ్రంథంలో శలాక గుచ్చి, తెరచుకొన్న పత్రాన్ని వ్యాఖ్యానించమనేవారు. వాక్యార్థసభలో పూర్వపక్షాన్ని అప్పటికప్పుడు ఎదుర్కొనవలసి వచ్చేది. ఊహాపోహలు అక్కడ బయటపడేవి. నేటి వ్రాతపరీక్షలో ఊహకు చోటు లేదు, అపోహ అక్కరలేదు. రాజశేఖరుడు భావయిత్రి అని పేరుపెట్టిన ప్రతిభ, అనగా కావ్యాన్ని రసజ్ఞతతో గ్రహించి విలువకట్టే శక్తి, ఎవరిలో ఉన్నదో ఆ మార్కులవల్ల తెలియదు. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి శిష్యులలో విశ్వనాథ సత్యనారాయణ కారయిత్రికి ప్రసిద్ధి పొందగా, పింగళి లక్ష్మీకాంతం కవితతోపాటు సాహిత్యచరిత్రకారునిగా, విమర్శకునిగా నిలిచాడు. ఒకే గురువు వద్ద ఈ భేదం ఫలించడానికి కారణం ఆ గురువు ఇద్దరికీ ఒకే కొలబద్ద పెట్టకపోవడమని ఊహించవచ్చు.

ఇంకొక సామర్థ్యం మాట ఎవరూ ఎత్తడం లేదు. శిథిలమైన తాళపత్రంలో పురుగు తిన్న అక్షరాన్ని ఛందస్సు చేత, వ్యాకరణం చేత, లిపి ఒరవడిచేత ఊహించి పూరించే శక్తి అది. మానవల్లి రామకృష్ణకవి 1909లో నన్నెచోడుని కుమారసంభవాన్ని వెలికితెచ్చినది, పిదప అభినవభారతితో కూడిన నాట్యశాస్త్రాన్ని పరిష్కరించినది, వేటూరి ప్రభాకరశాస్త్రి తాళపత్రాలనుండి తెలుగు కావ్యాలను ఉద్ధరించినది ఈ శక్తితోనే. దీనిలో కన్ను, చెవి, తర్కం, స్మృతి అన్నీ పాల్గొంటాయి. ఏ పట్టికలోను దీనికి ప్రత్యేకస్థానం లేదు. ప్రాచ్య కళాశాలలో ప్రవేశించే విద్యార్థులలో ఇట్టి దృష్టి కలవారు తప్పక ఉంటారు. వారు వ్యాసరూప సమాధానాలలో మూడవశ్రేణి మార్కులతో బయటపడి, తమకు విద్య రాదని నమ్మి వేరు బ్రతుకుతెరువు వెదకుకొంటారు. తిరుపతి, మద్రాసు, హైదరాబాదు భాండాగారాలలోని వ్రాతప్రతులను చదువగలవారు ఏటేట తగ్గుతుండగా ఈ నష్టం చిన్నది కాదు.

మౌఖికపరీక్షలో పక్షపాతానికి అవకాశం ఉన్నదనే ఆక్షేపణ సహేతుకమే. దానికి పరిహారం కూడ అవధానసభలోనే ఉన్నది. అక్కడ పరీక్షకుడు ఒకడు కాదు, ఎనిమిదిమంది. పరీక్ష గదిలో కాదు, సభలో. విద్యార్థి ముందు ముగ్గురు ఆచార్యులు, తోటి విద్యార్థులు కూర్చుండగా ఒక అపరిచిత శ్లోకానికి అన్వయం చెప్పించడం, ఒక సిద్ధాంతంపై పూర్వపక్షం చేయించడం, ఒక తాళపత్రం చదివించడం ఏ కళాశాలకూ భారం కాదు. మొత్తం మార్కులలో మూడవవంతు వీటికి కేటాయించినా చాలు. తొలి సంవత్సరంలోనే అచ్చుప్రతి లేని ఒక పత్రాన్ని ప్రతి విద్యార్థి చేతిలో పెట్టి, వారంరోజుల తరువాత అతడు ఎన్ని అక్షరాలు చదివాడో, చదవలేనిచోట ఏమి ఊహించాడో, ఆ ఊహను దేనివల్ల విడిచాడో అడిగి వ్రాసుకొనడంతో ఈ పని ఆరంభించవచ్చు.