దొడ్లో జామకాయలు రాలుతుంటే బిళ్లలెందుకు?



2021లో కరోనా రెండోసారి విరుచుకుపడ్డప్పుడు మా ఊళ్లో చాలా ఇళ్లలో సి విటమిన్ బిళ్లలుండేవి. మా ఇంటి దగ్గర దొరక్క నేను అమలాపురం వెళ్లి తెచ్చుకున్నాను. కరోనా పోయింది గాని ఆ అలవాటు పోలేదు. తుమ్మితే బిళ్ల, ఒళ్లు నొప్పులకు బిళ్ల. అదే చలికాలంలో దొడ్లో జామకాయలు చిలకలు కొట్టి రాలిపోతుంటే ఏరేవాళ్లు లేరు.

సి విటమిన్ ఒంటికి కావలసిందే. అయితే ఎంత? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారం మగవాళ్లకు రోజుకు 80 మిల్లీగ్రాములు, ఆడవాళ్లకు 65. వంద గ్రాముల జామకాయలో సుమారు 200 మిల్లీగ్రాములుంటుంది. ఉసిరిలో అంతకన్నా ఎక్కువే. అంటే ఒక్క జామకాయతో ఆ పూట లెక్క తీరిపోతుంది. 500 మిల్లీగ్రాముల బిళ్ల మింగినా ఒళ్లు దాచుకోదు, ఎక్కువైనది మూత్రంలో పోతుంది.

బిళ్లలు రోజూ వేసుకున్నా మామూలు మనుషులకు జలుబు రావడం ఆగదని ఎన్నో పరీక్షల్లో తేలింది. వచ్చాక తగ్గే రోజులు కాస్త కుదించుకుపోతాయి, అంతే. పైగా మోతాదు మించితే విరేచనాలు పట్టుకోవచ్చు, కిడ్నీలో రాళ్లున్నవాళ్లకు ముప్పు. డాక్టరు రాసిస్తే మాత్రం మానకండి.

ఇంకో సంగతి. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్న ఇనుము ఒంటికి పట్టాలంటే పులుపు తోడుండాలి. రక్తం తక్కువగా ఉన్న మన ఆడవాళ్లకు ఇది ముఖ్యం. సి విటమిన్ వేడికి పాడవుతుంది కాబట్టి పప్పు దించాక నిమ్మకాయ పిండండి.

రోగం రాకుండా ఉండాలంటే బిళ్ల ఒక్కటే చాలదు. మూతికి గుడ్డ కూడా లేకుండా పురుగుమందు కొడుతూ, సరిగా నిద్రపోకుండా, సి విటమిన్ మింగితే ఏం లాభం?

ఇక సంఘానికి నా మాట. లంకల గన్నవరంలో అడిగినవారికల్లా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరే ఇప్పుడు బడి భోజనానికి ఉంది. ఆ పళ్లెంలో వారానికి రెండుసార్లు మన జామకాయ, ఉసిరి పచ్చడి పెట్టమని, వాటిని స్థానిక రైతుల దగ్గరే గిట్టుబాటు ధరకు కొనమని మండల సమావేశాల్లో తీర్మానం చేద్దాం. పిల్లలకు ఆరోగ్యం, మనకు నాలుగు రూకలు. రెండూ మన చెట్టు మీదే ఉన్నాయి.