ఫోమ్ కవచము – చేతిపని విలువ

1963 మార్చి నాటి అమెరికా చిత్రకథలో పుట్టి, 2008లో వెండితెర కెక్కిన ఐరన్ మ్యాన్ కవచమును నేడు పలువురు విద్యార్థులు ఫోమ్ పలకలతో స్వయముగా నిర్మించి ధరించుచున్నారు. ఇది కాలహరణమని పెద్దలు కొందరు కొట్టివేయుదురు. నా అభిప్రాయము వేరు.

ఒడలు కొలిచి, కాగితముపై నమూనా గీచి, పలకను కోసి, వేడిగాలితో వంచి, జిగురుతో అతికి, పిదప రంగు వేయవలెను. మోచేతి వద్ద కొలత తప్పినచో చేయి వంగదు. రేఖాగణితము ఇచట చేతికి అందును.

అయితే మూసిన గదిలో జిగురు ఆవిరి, కాగిన ఫోమ్ పొగ ఊపిరికి హానికరములు. కావున వసతిగృహములలో చాటుగా సాగు ఈ పనికి గాలి, వెలుతురు గల గది నొకదానిని, అనుభవజ్ఞుడైన పర్యవేక్షకు నొకరిని కళాశాల కమిటీ వారు సమకూర్చవలెనని మనవి. యువకుల ఉత్సాహమును అణచుటకంటె దారిలో పెట్టుట మేలు.